బస్సుకొక మాత్ర

మా ఇంట్లో గోడకొక గడియారం ఉంది. ఏ ఒక్కటీ ఇంకొకదానితో ఏకీభవించదు. టైమెంతని నన్నడిగితే నేను వాటి సగటు చెబుతాను, అదీ తప్పే. అయినా దీనివల్ల మా ఊళ్లో ఎవరికీ నష్టం లేకపోయింది. ఐరాల దాటి, తారురోడ్డు అయిపోయిందే అనుకున్నాక ఇంకొంత దూరం వస్తే మా ఊరు. ఆ ఊరికి బస్సే గడియారం.

సాయంత్రం చిత్తూరు నుంచి వచ్చిన బస్సు రాత్రికి మా ఊళ్లోనే ఆగిపోయేది. డ్రైవరూ కండక్టరూ భజన మందిరం వసారాలో దోమతెర కట్టుకుని పడుకునేవాళ్లు. తెల్లారి ఆరింటికి బస్సు బయల్దేరేది. బయల్దేరడమంటే ఊరికే కాదు. ముందు దగ్గేది. కాసేపు ఆగి, కచేరీకి కూర్చున్న విద్వాంసుడిలా గొంతు సవరించుకునేది. ఆ తర్వాత ఊళ్లో గిన్నెలన్నీ గలగలమనేటట్టు ఒక్క వణుకు వణికి మూడు కూతలు వేసేది. మొదటి కూతకు ఊరు లేచేది, రెండోదానికి మొహం కడిగేది, మూడోదానికి పరుగెత్తేది. పాలక్యాన్ల వాళ్లు, పూలగంపల వాళ్లు, పండ్ల గుజ్జు ఫ్యాక్టరీలో పొద్దుటి షిఫ్టుకు పోయే ఆడవాళ్లు, ఆసుపత్రికి పోయే ముసలివాళ్లు అందరికీ ఆ బస్సే.

నేను మాత్రం మూడో కూతకు దుప్పటి తలమీదికి లాక్కునేవాణ్ణి. నాకు స్కూటరుంది. చిత్తూరులో ఒక ప్రెస్సులో ప్రూఫులు దిద్దుతాను. ఎండ ముదిరాక పోయినా సరిపోతుంది. పెళ్లిపత్రికలో వరుడి చోట వాళ్ల మేనమామ పడకుండా కాపాడటం నా ఉద్యోగ ధర్మం. నేను పరుల తప్పులమీద బతికే మనిషినని నా భార్య అంటుంది. అందులో తప్పేమీ కనబడదు నాకు.

మా మేనత్త మాతోనే ఉంటుంది. మా నాయనకు అక్క. పిల్లలు లేరు. మొగుడు పోయినాక మా ఇంటికొచ్చి నన్ను పెంచింది. ఆ పెంపకం ఫలితం రోజూ కళ్లెదురుగా తిరుగుతున్నా నిరుత్సాహపడని ధైర్యస్థురాలు. నాకు అత్త, నా భార్యకు వరసకు పెద్దమ్మ, ఊరికంతటికీ అవ్వ. మా ఇల్లు సరిగ్గా రోడ్డు మలుపులో ఉంది. ఎంత తొందరున్నా బస్సు అక్కడ నెమ్మదించి తీరాలి. అరుగుమీద కూర్చుని ఆ నెమ్మదించిన కాసేపట్లో బస్సు కిటికీలను చదవడం మా అత్త వృత్తి. ఎవరు ఎవరి పక్కన కూర్చున్నారు, ఎవరి ఒళ్లో కొత్త సంచి ఉంది, ఎవరు అత్తగారింటికి నవ్వుకుంటూ పోతున్నారు, ఏ మొగుడూ పెళ్లాలు ముందొకరు వెనకొకరు కూర్చున్నారు, అన్నీ ఒక్క చూపులో పట్టేసేది. మధ్యాహ్నానికి ఊరి వార్తలన్నీ మా అరుగుమీద విడుదలయ్యేవి.

అలాంటి కళ్లకు శుక్లాలొచ్చాయి. శుక్లమంటే తెలుపు. మా అత్తకు మాత్రం దాంతో కృష్ణపక్షం మొదలైంది. మొదట బస్సులో మనుషులు పోయారు. తర్వాత కిటికీలు పోయాయి. చివరికి ఒక ఎర్రటి మసక కూతేసుకుంటూ పోవడం మిగిలింది.

"బస్సు పోతా ఉండాదిరా అబ్బోడా. లోపల ఎవురుండారో ఆ దేవుడికే తెల్సు," అని నిట్టూర్చేది. దేవుణ్ణి చూడలేకపోయినందుకు ఆమె ఏనాడూ బాధపడలేదు. ఆయనకు తెలిసింది తనకు తెలియకపోవడమే ఆమె బాధ.

తిరుపతిలో ఒక కంటి ఆసుపత్రికి తీసుకుపోయాం. మా ఊరి బస్సులో చిత్తూరు, ఆడనుంచి ఇంకో బస్సులో తిరుపతి. ఇప్పుడు బస్సుల్లో ఆడవాళ్లకు ఉచితం, మగవాళ్లకు సముచితం. అత్తా, నా భార్యా ఆధార్ కార్డులు చూపించి సున్నా టికెట్టు తీసుకుని కూర్చున్నారు. కండక్టరు అత్త కార్డులోని ఫొటోను, అత్తను మార్చి మార్చి చూశాడు.

"ఇది నువ్వేనా అవ్వా?"

"నాకు కండ్లు కనపడవు నాయనా. నువ్వే సూసి సెప్పు," అంది అత్త.

నేను టికెట్టు కొనుక్కుని నిలబడ్డాను. జీవితంలో నా కాళ్లమీద నేను నిలబడిన సందర్భాలు చాలావరకు బస్సుల్లోవే.

తిరుపతి డాక్టరు కంట్లో లైటు వేసి చూసి, రక్తం తీయించి చూసి, "కంటికంటే ముందు షుగరు సంగతి చూడండి. అది దిగితేనే కన్ను కోస్తాం," అన్నాడు. సరేనని మా మండలం ఆసుపత్రిలో చూపించాం. ఆ డాక్టరమ్మకు వయసు చిన్నది, ఓపిక పెద్దది. పొద్దున తిండికి ముందు ఒక మాత్ర, సాయంత్రం ఒకటి రాసిచ్చింది. ఎప్పుడు మింగాలో అత్తను పక్కన కూర్చోబెట్టుకుని నెమ్మదిగా చెప్పింది. ఆ చెప్పేటప్పుడు నేను బయట స్కూటరుకు నీడ వెతుకుతున్నాను.

షుగరు బుద్ధిగా దిగింది. తిరుపతి డాక్టరు సంతోషించి, ఒక నెల ఇట్లాగే ఉంటే ఆపరేషను చేసేద్దామన్నాడు. అత్త ఆ వార్తను ఊరంతా చెప్పి, "ఇంగ నెల రోజులే మీ దొంగ పన్లన్నీ," అని పేరుపేరునా హెచ్చరించింది.

ఆ నెలలోనే ఆరింటి బస్సు పోయింది. పోవడమంటే, పొద్దున వేళ అందులో జనం పలచగా ఉంటున్నారనీ, మధ్యాహ్నం వేరే రూటులో మాత్రం తలుపులకు వేలాడుతున్నారనీ డిపోవాళ్లు లెక్క చూసి, ఆ బస్సును మధ్యాహ్నం జనానికి సర్దారు. రాత్రి మా ఊళ్లో ఆగడం మానేసింది. ఇప్పుడు మొదటి బస్సు తొమ్మిది దాటాక చిత్తూరు నుంచి వస్తుంది. సాయంత్రం బస్సు వస్తే వచ్చినట్టు, లేకపోతే లేనట్టు. నాకు తెలిసిన మార్పల్లా నాకు నిద్ర బాగా పడుతోందని.

నెల తర్వాత తిరుపతి పోతే షుగరు కొండెక్కి ఉంది. తిరుపతిలో ఎవరైనా కొండెక్కుతారు గానీ షుగరు ఎక్కకూడదు కదా. డాక్టరు మమ్మల్ని తిప్పి పంపాడు. డాక్టరమ్మ మాత్ర బలం పెంచింది. మళ్లీ పోయాం. మళ్లీ ఎక్కువే. "శుక్లం బాగా ముదిరింది. ఇంకా ఆలస్యమైతే కోత కష్టమవుతుంది, చూపు ఎంత వస్తుందో నేను చెప్పలేను," అన్నాడు డాక్టరు. తిరిగొచ్చేటప్పుడు బస్సులో అత్త తన పక్కన కూర్చున్నదెవరని కూడా అడగలేదు. నాకు అప్పుడు భయమేసింది.

ఇంట్లో విచారణ మొదలైంది. మా చిత్తూరు పక్క బెల్లానికి లోటులేదు. అత్త దొంగతనంగా బెల్లం తింటోందని నా భార్య అనుమానం. బెల్లం డబ్బాను అటకమీద పెట్టింది. అయినా బెల్లం తరుగుతూనే ఉంది. ఒకరోజు కాపు కాసి దొంగను పట్టుకుంది. అటకమీద చేయి పెట్టి ఉన్నది నేను.

"సామీ, ఆమెకు కండ్లు లేవు, మీకు సిగ్గు లేదు," అంది నా భార్య.

"దొంగ పట్టుబడినా నా మింద అనుమానం పోలా మీకు," అని అత్త ఏడుపు గొంతుతో అరిచింది. పట్టుబడింది నేనని చెబితే, "అదే గదా నేననేది!" అంది.

మాత్రలు సరిగా మింగుతోందా అని అడిగితే ఆమెకు కోపమొచ్చేది. మాత్రలు ఆమె దగ్గరే ఉంటాయి, వక్కాకు పెట్టెలో. పెద్దది పొద్దునకు, చిన్నది సాయంత్రానికి. వేలితో తడిమి తెలుసుకుంటుంది. లెక్క చూస్తే మాత్రలు తగ్గుతూనే ఉన్నాయి.

తర్వాత ఒక సెలవు రోజున నేను ఇంట్లో ఉన్నాను. పొద్దునే అత్త దోసెలు తినింది, కాఫీ తాగింది, నా భార్యతో ఒక చిన్న జగడం కూడా పూర్తిచేసింది. నేను అరుగుమీద పేపరులో ముద్రారాక్షసాలు ఏరుకుంటున్నాను. ఎండ చురుక్కుమంటోంది. తొమ్మిదిన్నరకేమో మలుపులో బస్సు కూత వినబడింది. అత్త పెట్టె తీసి, పెద్ద మాత్రను తడిమి, నోట్లో వేసుకుని నీళ్లు తాగింది.

"ఇప్పుడు మింగతా ఉండావేందత్తా? అది తిండికి ముందర మింగేది గదా!"

"బస్సొచ్చినాది గదరా."

"బస్సుకూ మాత్రకూ ఏం సంబంధం?"

"డాక్టరమ్మ సెప్పిందట్లనే. గడియారం కనపడదు తల్లీ అంటి. మీ ఊర్లో మొదటి బస్సు ఎన్నింటికవ్వా అని అడిగింది. ఆరుకంటి. అయితే బస్సు కూతేసినప్పుడు పెద్దది మింగు, ఆ తర్వాత టిపను తిను, సాయంత్రం బస్సుకు సిన్నది మింగు అనింది. నేను ఒక్క దినం తప్పలా."

"ఆ బస్సిప్పుడు ఆరుకు రాదు గదా!"

"అది దాని తప్పు. నేను మార్చలా, బస్సు మార్చింది."

"సాయంత్రం బస్సు రాని దినం?"

"బస్సే రాలేదు, మాత్ర యాడిది?" అంది అత్త, ఇంత సులువైన లెక్క నాకు తెలియనందుకు జాలిపడుతూ. "పోనీ ఆకలి ఆగతాదా అంటే, ఏడుకంతా కడుపులో ఎలకలు పరిగెత్తతాయి. తినేస్తా ఉండా."

ఛందస్సులో మాత్ర అంటే కాలాన్ని కొలిచేదని బడిలో బెత్తం పెట్టి నేర్పారు. మా ఇంట్లోనే ఒకావిడ దాన్ని అక్షరాలా ఆచరిస్తుంటే నేను బెల్లం డబ్బా దగ్గర కాపలా కాయించాను.

ఇప్పుడు దారి సులువనుకున్నాను. పొద్దున ఆరుకు నా భార్య మాత్ర ఇస్తుంది, అంతే కదా. అత్త ఒప్పుకోలేదు. "ఎవురో సెప్తే మింగేదానికి నేనేమన్నా పసిబిడ్డనా?" అంది. మనిషి చెబితే అది పెత్తనం. బస్సు ఎవరికీ చెప్పదు, తన పని మీద తాను పోతుంది. దాన్ని చూసి మనం మన పని చేసుకుంటే మన పరువు మన దగ్గరే ఉంటుంది. మాట్లాడే గడియారం కొనుక్కొచ్చాను. అది తెలుగు రాని గడియారం. "ఎవుర్రా ఆ దొరసాని?" అని దాన్ని గుడ్డలో చుట్టి బీరువాలో పెట్టింది. ఫోనులో అలారం పెడితే, ఎవరో ఫోన్ చేశారనుకుని "ఎవురూ? ఎవురు మాట్లాడేది?" అని అది ఆగేదాకా పలకరించింది. పెద్దదాన్ని మింగనే లేదు.

అప్పుడు నాకొక ఆలోచన వచ్చింది. నాకు ఆలోచన వస్తే నా భార్య అగ్గిపెట్టెలు దాచిపెడుతుంది. కానీ ఇది ఫోనుకు సంబంధించింది కాబట్టి ఊరుకుంది.

చిత్తూరు బస్టాండులో మా పాత డ్రైవరును వెతికి పట్టుకున్నాను. ఇప్పుడు వేరే రూటులో తిరుగుతున్నాడు గానీ బస్సు అదే.

"అప్పా, ఒకసారి మా ఊళ్లో మాదిరిగా ఇంజను స్టార్ట్ చేసి మూడు కూతలు వేస్తావా? రికార్డు చేసుకుంటా."

ఆయన నన్ను పైకీ కిందికీ చూశాడు. "చప్పుడు ఎక్కువని కంప్లైంటు పెడతావా సార్?"

"లేదప్పా, మా అత్తకు మందు."

"హారనా?"

"హారనే."

సంగతంతా చెప్పినాక ఆయన సీటులోకెక్కి కూర్చుని, పాడమని అడిగితే మొహమాటపడే గాయకుడిలా ఒకసారి నావైపు చూసి, ఇంజను తిప్పాడు. దగ్గు, గొంతు సవరింపు, వణుకు, మూడు కూతలు. బస్టాండులో ప్రయాణికులు సంచులెత్తుకుని ఎక్కేశారు. వాళ్లను దింపడానికి చాలాసేపు పట్టింది.

మర్నాడు తెల్లారకముందే లేచాను. ఫోనులో వినిపించి చూస్తే అత్త, "ఎక్కడో దోమ కూస్తా ఉండాది," అంది. అందుకని వినాయక చవితికి కొన్న స్పీకరును ప్రహరీగోడ మీద, రోడ్డువైపు తిప్పి పెట్టాను. శబ్దం రోడ్డు నుంచి రాకపోతే ఆమె నమ్మదు. సరిగ్గా ఆరుకు మీట నొక్కాను.

దగ్గు బ్రహ్మాండంగా వచ్చింది. వణుకుకు మా వంటింట్లో గిన్నెలు కూడా పాత అలవాటుగా గలగలమన్నాయి. మూడో కూత అయ్యేసరికి లోపల్నుంచి అత్త గొంతు వినబడింది: "మింగినా!"

నా ఆనందానికి అవధులుండేవి కావు. కానీ అంతలో వీధిలో అడుగుల చప్పుడు మొదలైంది.

మొదట పాలక్యాన్లొచ్చాయి. వాటి వెనక పూలగంపలు. ఫ్యాక్టరీకి పోయే ఆడవాళ్లు జడలు అల్లుకుంటూనే పరుగెత్తుకొచ్చారు. ఒకాయన నోటి నిండా పళ్లపొడి నురగతో చేయెత్తి "ఆఁపూ, ఆఁపూ" అంటున్నాడు. మా పక్కింటి మామ అలవాటు కొద్దీ సీటు పట్టడానికి తుండుగుడ్డ విసిరేశాడు. కిటికీ లేకపోవడంతో అది పోయి కాలవలో పడింది. భజన మందిరం ముందర, బస్సు ఎప్పుడూ నిలబడే చోట, ఊరంతా గుంపు కట్టింది.

"బస్సు యాడప్పా?"

"పోయినాదా?"

"పోతే మన ముందర గదా పోవాల! ఇంకా రాలేదు, జరుగు."

"నువ్వు జరుగు. నేను ముందొచ్చినా. డ్రైవరెనక సీటు నాది."

"నీ పేరు రాసిండాదా దాని మింద?"

"గుడ్డేసినా గదా!"

"గుడ్డ కాలవలో ఉండాది. పో, పోయి ఆడ కూర్చో."

రాని బస్సులో సీటు కోసం ఇద్దరు మామలు చొక్కాలు పట్టుకునేదాకా వచ్చారు. గోడ వెనకే ఉండిపోదామా అనుకున్నాను. కానీ పాట మళ్లీ మొదటికి వచ్చేటట్టు పెట్టిన సంగతి మరిచిపోయాను. స్పీకరు మళ్లీ దగ్గింది. అందరూ ఒక్కసారిగా మా గోడవైపు తిరిగారు.

ఫ్యాక్టరీలో పనిచేసే ఒకామె, వరసకు నాకు చెల్లెలు, నేరుగా వచ్చి గోడమీంచి చూసింది. లుంగీలో, చేతిలో ఫోనుతో, బయల్దేరడానికి సిద్ధంగా ఉన్న బస్సునై నేను కనబడ్డాను.

"ఏమన్నా, నీకు స్కూటరుండాది, మాతో ఎగతాళా?" అంది. అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది. "బస్సు పోయిన కాడినుంచి షేరాటోలో ఒకరి ఒళ్లో ఒకరు కూర్చోని పోతా ఉండాం. లేటైతే గేటు మూసేస్తారు, ఆ దినం కూలి పోయినట్టే. మా అవ్వకు నడుము నొప్పికి సూదేయించాలని నెలగా అనుకుంటా ఉండా, తొమ్మిది బస్సుకు పోతే ఆసుపత్రిలో చీటీలు అయిపోతా ఉండాయి. బస్సు మళ్లీ వచ్చినాదనుకోని కడుపు సల్లగా పరిగెత్తొస్తిమి."

నేను నిజం చెప్పేశాను. కన్ను, షుగరు, మాత్ర, డాక్టరమ్మ, అంతా. తర్వాత కాలవలోంచి గుడ్డ తీసుకుంటున్న మామ తలెత్తి, "నాగ్గూడా అట్లనే సెప్పింది. నేను బీపీదిప్పుడే మింగేస్తిని," అన్నాడు. ఇంకో అవ్వ, "నేను తైరాయిడుది," అంది. వెనకాల ఎవరో, "నాది గ్యాసుది," అన్నారు. ఊళ్లో సగం మంది ముసలివాళ్ల ఒంట్లో బస్సు టైమ్‌టేబులే తిరుగుతోంది. అది తప్పినాక ఎవరి బీపీ ఎక్కడ దిగిందో, ఎవరి షుగరు ఎక్కడ ఎక్కిందో అడిగినవాళ్లు లేరు.

అప్పుడు నా భార్య వాకిట్లోకి వచ్చింది. "జనం లేరనే గదా బస్సు తీసేసినారు? ఇదో జనం. ఎవురూ కదలొద్దండి," అని నా చేతిలో ఫోను లాక్కుని ఫొటో తీసింది. క్యాన్లూ గంపలూ పైకెత్తి, జనం సర్దుకుని నిలబడ్డారు. అత్తను పట్టుకొచ్చి ముందర నిలబెట్టారు. నురగాయన నోరు కడుక్కొస్తానంటే వద్దన్నారు. నురగుంటేనే పొద్దున అని నమ్ముతారట. ఇన్నేళ్లు ప్రూఫులు దిద్దినవాణ్ణి, ఒక ప్రూఫు పుట్టడం కళ్లారా చూడటం అదే మొదలు.

డిపోకు నలుగురం పోయాం. అత్త, చెల్లెలు, నా భార్య, నేను. అక్కడి అధికారి మర్యాదస్థుడు. కూర్చోమన్నాడు, చెప్పింది విన్నాడు.

"మధ్యాహ్నం తలుపులకు వేలాడతా ఉండారమ్మా. ఉండేదొక బస్సు. దాన్ని రెండుగా కొయ్యమంటారా?"

"కొయ్యొద్దు నాయనా. నా కన్ను కోసేదానికే ఇన్ని నెల్లుగా కుదర్లా," అంది అత్త.

"మధ్యాహ్నం వేలాడేవాళ్లకు ఎనకాల ఇంకో బస్సుండాది సార్. పొద్దున మాకు ఇది లేకపోతే ఇంగేం లేదు," అంది చెల్లెలు.

ఆయన ఫొటో దగ్గరికి తీసుకుని చూశాడు. "ఆరుకు బస్సే లేదు కదా, ఇంతమంది ఎందుకు నిలబడినారు?"

మేం ముగ్గురం నేల చూశాం. అత్తకు నేల కనబడదు కాబట్టి ఆయనవైపే తిరిగి, "బస్సు కూత ఇనపడింది నాయనా," అంది.

"ఏ బస్సు?"

"మావోడి బస్సు. ఏదీ, ఇనిపించరా."

తప్పలేదు. ఆఫీసు మధ్యలో నిలబడి మీట నొక్కాను. దగ్గు, వణుకు, మూడు కూతలు. బయట ఆవరణలో ఎవరో కండక్టరు తల తిప్పకుండానే "రైట్, రైట్!" అన్నాడు. అధికారి మొదట నోటికి చేయి అడ్డం పెట్టుకున్నాడు, తర్వాత అదీ తీసేశాడు. నవ్వడం అయినాక, "అవ్వా, బస్సుండేది మాత్రలు మింగడానికి కాదు," అన్నాడు.

"మరి దేనికి నాయనా?" అంది అత్త. నిజంగానే అడిగింది.

ఆయన ఒక నెల ఆరింటి బస్సు వేసి చూస్తామన్నాడు. నిండితే ఉంటుంది, లేకుంటే లేదు.

ఆ సాయంత్రం మా అరుగుమీద ఊరు సమావేశమైంది. నెలంతా బస్సు నిండాలంటే పని ఉన్నవాళ్లు చాలరు, పని లేనివాళ్లు కూడా ఎక్కాలని తీర్మానం. అందరూ నావైపు చూశారు.

"అన్నా, స్కూటరు తాళం ఇటీ," అంది చెల్లెలు.

అలా నేను ఆరింటి బస్సుకు బరువునయ్యాను. చీకటితో లేచి, తోసుకుని, నిలబడి, కోడికంటే ముందు చిత్తూరు చేరేవాణ్ణి. ప్రెస్సు తెరవడానికి ఇంకా యుగాలుండేవి. బస్టాండు నుంచి నడిచి, గంగమ్మ గుడి చుట్టూ నడిచి, కూరగాయల మార్కెట్టులో కొనకుండా నడిచి, చివరికి ప్రెస్సు మెట్లమీద కూర్చునేవాణ్ణి. ఇంట్లోంచి తరిమేశారా అని వాచ్‌మన్ అడిగాడు. తరమలేదు, ఊరు తరిమిందన్నాను. బస్సులో మాత్రం కాలక్షేపానికి కొదవలేదు. ఒకామె తన కూతురి సంబంధం గురించి నా అభిప్రాయం అడిగింది. నా జవాబు విని వెనక సీటు మామను అడిగింది. నెలాఖరుకు నా బెల్టు ఒక రంధ్రం లోపలికి పోయింది. బెల్లం డబ్బా కూడా కుదురుకుంది, ఆరింటి బస్సూ నిలిచింది.

అత్త అరుగుమీద కూర్చుని అసలు బస్సు అసలు కూతకు పెద్దది, సాయంత్రం బస్సుకు చిన్నది మింగింది. డాక్టరమ్మ కాగితం చూసి, పెంచిన బలం మళ్లీ తగ్గించింది. బస్సు మారితే ముందు తనకు ఫోన్ చేయమని నా నంబరు రాసుకుంది. తిరుపతి డాక్టరు ఈసారి తల అడ్డంగా ఊపలేదు.

ఆపరేషను రోజు నేను బయట బల్లమీద కూర్చుని ఆసుపత్రి బోర్డుల్లో అచ్చుతప్పులు వెతుకుతూ గడిపాను. ఒక్కటీ దొరకలేదు. నా కళ్లే సరిగా లేవని తర్వాత తెలిసింది. మర్నాడు పొద్దున కట్టు విప్పారు. అత్త రెప్పలార్పుకుంటూ ముందు డాక్టరును చూసింది, నా భార్యను చూసింది, తర్వాత నా దగ్గర ఆగింది. చాలాసేపు ఆగింది.

"ఎవుర్రా నువ్వు?"

"నేనే అత్తా."

"గొంతు మావోడిదే. మొగమేంది మా తమ్ముడిది?" అంది. చేయి చాపి నా తలమీద వెంట్రుకలున్న చోటు వెతికింది. చెంపలదాకా రావాల్సి వచ్చింది. "ఎప్పుడైనావురా ఇంత ముసిలోడివి? నాకొక మాటన్నా సెప్పకూడదా!"

"నువ్వు చూడలేదని సందు చూసుకుని అయినానత్తా," అన్నాను. ఆమె నవ్వి, నల్ల కళ్లజోడు పెట్టుకుంది.

చిత్తూరు నుంచి మా ఊరికి సాయంత్రం బస్సే దొరికింది, రాత్రికి ఊళ్లో ఆగిపోయేది. అత్తకు ముందర సీటిచ్చారు. దారంతా కిటికీలోంచి చూస్తుందనుకున్నాను. కిటికీకి వీపు పెట్టి, లోపలికి తిరిగి కూర్చుంది. నల్లద్దాల వెనక ఆ కన్ను వరసగా ఒక్కో సీటూ దాటుతోంది. పళ్లపొడి ఆయన తన కొత్త అల్లుడి పక్కన కూర్చున్నాడు. చెల్లెలు షిఫ్టు దిగి, వాళ్లవ్వకు సూది వేయించుకుని వస్తూ, ఆమె తల ఒళ్లో పెట్టుకుని నిద్రపోతోంది. పాలక్యాన్ల మధ్య ఎవరో ఇద్దరు కాలేజీ పిల్లలు పక్కపక్కనే కూర్చుని, ఎదురెదురు దిక్కులు చూస్తున్నారు. అత్త అక్కడ కొంచెం ఎక్కువసేపు ఆగింది.

మా ఊరొచ్చింది. భజన మందిరం ముందర బస్సు ఆగింది. అత్త లేచింది గానీ మెట్లవైపు తిరగలేదు. సీటు కడ్డీ పట్టుకుని నడవా మధ్యలో నిలబడి వెనక్కి చూస్తోంది. ఆమె వెనకాల క్యాన్లూ గంపలూ ఊరంతా ఇరుక్కుపోయింది.

"దిగవ్వా! మా ఇండ్లకు పోవద్దా?"

"అత్తా, జనం నిలబడినారు, దిగు," అన్నాను.

డ్రైవరు అద్దంలోంచి చూసి, ఇంక తొందరేముందన్నట్టు ఇంజను ఆపేశాడు. చప్పుడు ఆగిపోవడంతో అత్త గొంతు బస్సంతా వినబడింది.

"గమ్మునుండండప్పా. నేనింకా ఎనక సీట్లు సూల్లా."